ఏడో నంబరు కేసు

ఆ ఆదివారానికి శ్రీశైలం అనుకున్న పని చాలా చిన్నది. పది గంటలకల్లా పెండ్లి పత్రిక ప్రూఫు ఒకటి ఇచ్చేసి, షట్టరు దించి, ఇంటికి పోయి కోడికూర తిని, నాలుగింటి దాకా పడుకోవడం. ఇంతకన్నా పెద్ద కోరికలన్నీ ఆయన ఏడో తరగతిలో బడి మానేసిన రోజే దాంతోపాటు మానుకున్నాడు.

వనపర్తిలో కాలేజీకి పోయే రోడ్డు మీద ఆయనది డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, స్పైరల్ బైండింగు మిషను, నెత్తి మీద ఒక పాత ఫ్యాను. ఆ చుట్టుపక్కల ఎవరు పరిశోధన చేసినా అది ఆయన వేళ్ల కింది నుంచి పోవలసిందే. "నా చేతి మీదికెళ్లి పదకొండు మంది డాక్టర్లయిండ్రు. ఒక్కనికీ సూదెయ్యరాదు" అని చెప్పుకునేవాడు. అందులో గర్వమెంతో కసి ఎంతో వినేవాళ్లకు తెలిసేది కాదు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. టైపు చేసేది చదవడు. కన్ను అక్షరాన్ని చూస్తుంది, వేలు దాన్ని కొడుతుంది, మధ్యలో మనసుకు పని లేదు. "చదువుకుంట కొడితే చెయ్యి ఆగుతది" అనేవాడు. ఇరవై ఏండ్ల అలవాటు. పొద్దుగూకి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక కూడా అదే నడిచేది. ఎదురుగా భార్య జములమ్మ ఏదో చెబుతుంది, చెవి వింటుంది, నోరు ఊ అంటుంది.

షట్టరు సగం దించాడో లేదో, దాని కిందనుంచి వంగి నరేందర్ లోపలికి దూరాడు. తిమ్మాజిపేట దిక్కు పిల్లగాడు. పల్లెటూళ్లలో ఆడవాళ్ల మనోవ్యాధుల మీద ఒక సంస్థకు సర్వే చేస్తున్నాడు. పన్నెండు మంది ఆడవాళ్లను కలిసి, పన్నెండు కేసులు రాసి, ఈ షాపులోనే టైపు చేయించి, బైండు చేయించి, హైదరాబాదుకు పంపి నెల దాటింది.

"అన్నా, ఏడో నంబరు కేసు ఎవరిది?" అన్నాడు.

"నీ కేసులు నన్నడుగుతవేందిరా?"

నరేందర్ రిపోర్టు తెరిచి ముందర పెట్టాడు. తప్పనిసరై శ్రీశైలం చదివాడు. పేరు బుజ్జమ్మ. భర్త కొత్తకోట లారీ డ్రైవరు. పదకొండేళ్లుగా ఆమెతో మాట్లాడడు. తన బాధ ఆమె రోటికి చెప్పుకుంటుంది. ప్రతి అమావాస్యకూ ఊరి బావి దాకా నడిచి, అంచు మీద నిలబడి, లోపలికి చూసి...

అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలో ఎనిమిదో నంబరు మనిషి సంగతి మొదలైంది.

"ఈమెను నేను ఎన్నడూ చూడలే అన్నా. ఇది సౌందర్య మేడం పరిశోధన చేస్తున్న నవలల బుజ్జమ్మ."

శ్రీశైలానికి ఆ రోజు గుర్తొచ్చింది. సౌందర్య కాలేజీలో లెక్చరరు. నవలల్లో ఆడవాళ్ల మీద ఆమె పీహెచ్‌డీ పుస్తకమూ, వీడి రిపోర్టూ ఒకే రోజు ప్రింటు తీశాడు. రెండు కట్టలూ బల్ల మీద ఉండగా కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి ఫ్యాను ఒక్కసారిగా లేచింది. కాయితాలు షాపంతా లేచాయి. ఒకే అక్షరం, ఒకే సైజు. ఆయన పేజీ నంబర్లు చూసి సర్దాడు. రెండు కట్టల్లోనూ నూట పదిహేనో పేజీ ఉంటుందన్న ఆలోచన ఆ పూట రాలేదు.

"సంతకం పెట్టేటప్పుడు నువ్వు చదవలేదా?"

"టైపు కొట్టేటప్పుడు నువ్వు చదివినవా?"

"మీ సంస్థ పెద్దసారు?"

"ఆయన ముందుమాట చదివిండు. అందుల ఆయన పేరుంది."

"మరింక పరేషాన్ ఏంది? ఎవ్వరూ చదవంది ఎట్ల దొరుకుతది?"

"ఒక్కామె చదివింది" అన్నాడు నరేందర్, గోడకు ఆనుకుని. "హైదరాబాద్ నుంచి మమత మేడం. మనసు డాక్టరు. పొద్దున్నే ఫోను. బుజ్జమ్మ బతికుందా, వెంటనే చూడాలె, పదకొండింటికి జీపుల వస్తున్న అన్నది. బతికే ఉంది మేడం, వనపర్తిలనే ఉంది అన్న."

"నవల అని చెప్పకపోయినవా?"

"చెప్తే మిగతా పదకొండు మంది గూడ కథలే అంటది. నా నౌకరి పోతది. ఇది ఏ షాపుల కలిసింది అని అడుగుతది. నీ పేరు చెప్పాలె. ఇగ కాలేజోళ్లు నీ మెట్టెక్కుతరా?"

ఎక్కరు. శ్రీశైలానికి తెలుసు. ఆ షాపు పోతే ఈ చేతులకు వేరే విద్య లేదు. గడియారం చూశాడు. తొమ్మిదిన్నర.

నరేందర్ ఆయన ముఖం వైపు అదోలా చూశాడు. "వదినె వయసెంతన్నా?"

*

జములమ్మ వంటింట్లో మసాలా నూరుతోంది. గద్వాల నేతగాళ్ల బిడ్డ, ఐదో తరగతి దాకా చదివింది. శ్రీశైలం చెప్పులు విప్పకుండానే విషయం అందుకున్నాడు.

"ఇగో, ఒక గంటసేపు నువ్వు బుజ్జమ్మవు కావాలె."

"ఎవరామె?"

"ఎవరు గాదు. కథల మనిషి. డాక్టరమ్మ ఏమడిగినా ఔను అను. గంతే."

జములమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన రిపోర్టులోంచి తీసి తెచ్చిన పేజీ అడిగి తీసుకుంది. పెదవులు కదుపుతూ మెల్లగా చదివింది. చివరికొచ్చాక కాయితం తిప్పి వెనక చూసింది. తెల్లగా ఉంది.

"బావి కాడ ఏమైంది?"

"నాకు తెల్వదు. టైం లేదు."

"మరి నువ్వెవరు?"

"మొగడు లారీ మీద పోయిండు గద. నేను ఇంటి ఓనర్ను."

"అదేం కొత్త గాదు" అని ఆమె పొయ్యి మీది గిన్నె మీద మూత పెట్టింది.

జీపు పావుగంట ముందే వచ్చింది. మమతకు నలభై దాటి ఉంటాయి. నూలు చీర, కండ్లద్దాలు. లోపలికి రాగానే గోడలన్నీ ఒకసారి చూసి, మంచం మీద జములమ్మ పక్కన కూర్చుని నోటుబుక్కు తెరిచింది. శ్రీశైలం, నరేందర్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"భర్త నీతో మాట్లాడడా బుజ్జమ్మా?"

ఔను అనాలి. శ్రీశైలం ఆ మాట కోసం చూస్తున్నాడు.

"మాట్లాడడని కాదు మేడం" అన్నది జములమ్మ. "ఊ అంటడు. ఒకనాడు లెక్కవెట్టిన. పొద్దుగాల లేసిన కాన్నుంచి పండుకునే దాక పందొమ్మిది. అందుల ఒకటి నాకు గాదు, ఫోన్ల ఎవరికో."

నరేందర్ దగ్గాడు. ఈ మాట ఏ పేజీలోనూ లేదు.

"ఇంటికొచ్చి ఏం చేస్తడు?"

"ఏళ్లు ఇరుసుకుంటడు. పొద్దంత కంప్యూటర్ కాడ కూసుంటడు గద, గుంజుతయట."

డాక్టరమ్మ తలెత్తింది. "లారీలో కంప్యూటరా?"

"కొత్త మోడల్ బండి మేడం" అన్నాడు శ్రీశైలం. "ఇప్పుడన్నీ అట్లనే వస్తున్నయి."

"మీరెవరు?"

"ఇంటి ఓనర్ను మేడం. ఆయన మంచోడే. తాగడు, కొట్టడు. జర పని ఎక్కువ."

"మీకు కిరాయిదార్ల సంగతి చాలా తెలుసే. జర ఊకోండి." అటు తిరిగి, "నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"పట్టదు. మగ్గం పోయినప్పటి సంది పట్టదు." జములమ్మ గొంతు పెరగలేదు, తగ్గలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు చెప్పుకుంటూ పోయింది. "అమ్మగారింటి నుంచి మగ్గం తెచ్చుకున్న. ముందటర్రల ఉండె. సగం నేసిన చీరె గూడ దాని మీదనే ఉండె, నెమలికంఠం రంగుది. ఒకసారి గద్వాలకు పొయ్యొచ్చేవరకు అర్ర ఖాళీ. మగ్గం ఊడదీసి, కంప్యూటర్ డబ్బాలు పెట్టిండు. నన్ను అడగొద్దా అంటే, 'అడిగిన, నువ్వు ఊ అన్నవ్' అన్నడు. ఊ అనేది ఆయన మేడం. నేను గాదు."

ఈసారి లారీకీ డబ్బాలకూ సంబంధమేమిటని డాక్టరమ్మ అడగలేదు. రాసుకుంది. శ్రీశైలానికి ఆ మగ్గం గుర్తుంది. దాని మీద చీర ఉన్నట్టు గుర్తు లేదు. ఎంత వెతికినా నెమలికంఠం రంగు కంటికి రాలేదు.

అప్పుడు బయట స్కూటీ ఆగింది.

"శ్రీశైలమన్నా" అని కేకేస్తూ సౌందర్య నేరుగా లోపలికి వచ్చేసింది. నరేందర్ అడ్డం పోయాడు గాని ఆమె వాడిని చూడనే లేదు. చేతిలో బైండు పుస్తకం. "అన్నా, నా బుజ్జమ్మకు బీపీ ఎవరు చూసిండ్రు?"

ఆమె పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టింది.

"నూట పదిహేనో పేజీల బుజ్జమ్మ బీపీ నూట నలభై బై తొంభై. రెండు మేకలున్నయట. ఒకటి కుంటిదట. నవల మొత్తంల మేక లేదన్నా. ఎగ్జామినరు సారు చదివి, పాత్రను ఇంత దగ్గరగా చూసిన పరిశోధన నేనింతవరకు చూడలేదని రాసిండు. రేపు వైవాల ఆ మేక ఎక్కడిదంటే నేనేం చెప్పాలె? వదినె, నువ్వన్న చెప్పు మీ ఆయనకు, కొట్టేటప్పుడు కొంచెం చదవమని."

వదినె. మీ ఆయన. ఆ రెండు మాటలూ గదిలో అందరి మీదా తిరిగి వచ్చి శ్రీశైలం దగ్గర ఆగాయి. పదకొండు మందిని డాక్టర్లను చేసిన షాపు ఆయన కండ్ల ముందు షట్టరు దించుకుంది.

డాక్టరమ్మ మాత్రం కదల్లేదు. పెన్నుతో గోడ వైపు చూపించింది. అక్కడ మెడలో పూలదండలతో శ్రీశైలం, జములమ్మ పెండ్లి ఫోటోలో నిలబడి ఉన్నారు.

"లోపలికి రాంగనే చూసిన" అన్నది. "ఆ నవల నేను కాలేజీలో మూడుసార్లు చదివిన. రిపోర్టు చూడంగనే బుజ్జమ్మను గుర్తుపట్టిన. ఎవరిని తెచ్చి నా ముందర కూచోబెడతరో చూద్దామని ఫోను చేసిన."

నరేందర్ గోడవారకు జారి కింద కూర్చున్నాడు. శ్రీశైలం చేతులు జోడించాడు. "తప్పైంది మేడం. అంతా ఉత్తదే. ఆమె గూడ కథల మాటలు చెప్పింది."

"లారీలో కంప్యూటర్ ఏ నవలలో ఉంది?" అని డాక్టరమ్మ జములమ్మ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "ఇప్పుడు బుజ్జమ్మ లేదు. నీ అసలు పేరు చెప్పు."

"జములమ్మ."

"బావి సంగతి ఒక్కటే నేనింకా అడగలేదు జములమ్మా."

"అది పేజీల ఉన్నది మేడం, ఆమెది గాదు" అన్నాడు శ్రీశైలం తొందరగా.

జములమ్మ ఒళ్లో చేతులు చూసుకుంది. "పోయిన" అన్నది. "ఒక్కసారి. మగ్గం పోయిన ఎండకాలం."

సౌందర్య పుస్తకం మూసేసింది.

"మరి తిరిగెందుకు వచ్చినవ్?"

జములమ్మ నిజంగానే ఆలోచించింది. "నల్లా వచ్చే టైమైంది మేడం. బిందెలు పెట్టలే. ఆ పూట పట్టకుంటే రెండు దినాలు ఈ ఇంట్ల నీళ్లుండయి."

వంటింట్లో కోడికూర అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. ఎప్పుడూ బల్ల మీదో మోకాలి మీదో ఆడుతూ ఉండే శ్రీశైలం వేళ్లు ఆగిపోయాయి.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్పిన. ఆ దినమే, అన్నం తింటుంటే. బావి దాక పొయ్యొచ్చిన అన్న." ఆమె ఆయన వైపు కోపంగా కూడా చూడలేదు. "ఊ అన్నవ్."

*

డాక్టరమ్మ ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు. కేసు నంబరు ఏడు అట్లాగే ఉంది, పేరొక్కటే మారింది. మిగతా పదకొండు మంది దగ్గరికీ, మేకలున్న అసలు ఏడో మనిషి దగ్గరికీ నరేందర్ మళ్లీ తిరగాలి, ఈసారి డాక్టరమ్మ వెంట. సౌందర్య తన పేజీ తాను తీసుకుని, మేకలను నరేందర్‌కు ఇచ్చేసింది.

డాక్టరమ్మ జములమ్మను నెలకోసారి దవాఖానకు రమ్మని తేదీ రాసిచ్చింది. పోతూ పోతూ జీపులోంచి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"మేము ఊర్లల్ల ఆడవాళ్లకు రాసుడు నేర్పుతున్నం. నువ్వు ఐదు చదివినవ్, బోలెడు. రోజుకొక పేజీ రాయి. నీకేమనిపిస్తే అది."

"నేనేం చెయ్యాలె మేడం?" అన్నాడు శ్రీశైలం.

"చదవాలె. చదివి కింద సంతకం పెట్టాలె. నెల నెలా నేను చూస్త."

మర్నాడు సాయంత్రం ఆయన షాపు తొందరగా మూసి వచ్చాడు. భయంగా ఉంది, బావి ఏ లైనులో వస్తుందోనని. జములమ్మ రాసిన పేజీ ముందు పెట్టుకుని, పైనుంచి కింది దాకా అక్షరం వదలకుండా చూశాడు. బావి లేదు. ఊపిరి పీల్చుకుని, నీటుగా సంతకం పెట్టి, నోటుబుక్కు ఆమెకిచ్చి పడుకున్నాడు.

పొద్దున లేచి ముఖం కడుక్కుందామంటే బక్కెట్లో చుక్క లేదు. బిందెలన్నీ బోర్లా ఉన్నాయి. నల్లా వచ్చి పోయింది. జములమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"నీళ్లేవీ?"

ఆమె నోటుబుక్కు తెరిచి చివరి లైను మీద వేలు పెట్టింది. 'రేపటి సంది నల్లా కాడ నేను నిలబడ. ఇది చదివినోళ్లు బిందెలు పెట్టాలె.' దాని కిందనే శ్రీశైలం సంతకం, తేదీతో సహా.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. కన్ను చూసింది. మనసు వచ్చేసరికి కొంత ఆలస్యమైంది, కానీ వచ్చింది.

ఇప్పుడు ఆ గల్లీలో నల్లా దగ్గర లైనులో మగవాడు ఒక్కడే నిలబడతాడు. ఈ వయసులో నీకిదేంది శ్రీశైలం అని ఎవరన్నా అడిగితే, మధ్యలో మానేసిన చదువు మళ్లీ మొదలుపెట్టిన అని చెబుతాడు.