నారాయణగూడ ఎటండీ?

ఆ ఆదివారం పొద్దున దమయంతి అనుకున్న పనులు మూడే. తలంటుకోవాలి, పెసరట్లు పోయాలి, పది గంటలకు కింది వాటాలో అరుంధతమ్మ దగ్గర బీజగణితం ముందేసుకు కూర్చోవాలి. మెట్రిక్ పరీక్షకు ఇంకా ఆరు వారాలే ఉన్నాయి. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువును, చిక్కడపల్లిలో ఈ ఇంటి యజమానురాలైన అరుంధతమ్మ, రిటైరైన టీచరమ్మ, రోజూ తన మధ్యాహ్నపు నిద్ర మానుకుని మళ్లీ పట్టాలెక్కించింది.

మూడో అట్టు తిరగేస్తుండగా భర్త వీరరాఘవరావు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇవాళ మూడింటికి నేను హుస్సేన్‌సాగర్‌లో పడవ నడపాలి."

"మీరా?"

"మా ఆఫీసరు జగదీశ్వర్ గారికి తెరచాప పడవ ఉంది కదా. వారం వారం తోడొచ్చే ఆయనకి కామెర్లట. మీది గోదావరి జిల్లా గద, పడవలు అలవాటే గద అన్నారు."

"మీరేమన్నారు?"

"అవునండీ అన్నాను."

అతనిది పెద్దాపురం. గోదావరి చూడాలంటే బస్సెక్కాలి. కానీ పదకొండేళ్ల సర్వీసులో ఆఫీసరు ఏమడిగినా వీరరాఘవరావు ఆ ఒక్క మాటే అన్నాడు. పైగా ఇది కాదనే సమయమూ కాదు. అతన్ని రాజమండ్రి బదిలీ చేసే కాగితం జగదీశ్వర్ గారి బల్లమీద సంతకానికి ఉందని హెడ్ గుమస్తా నిన్ననే చెవిన వేశాడు. బదిలీ అయితే దమయంతికి పరీక్ష లేనట్టే.

"ఆయన్ని మెప్పిస్తే ఆ కాగితం ఆగుతుందే," అని వీరరాఘవరావు ఆఫీసరిచ్చిన, పడవ నడపడం నేర్పే చిన్న ఇంగ్లీషు పుస్తకం భార్య చేతిలో పెట్టాడు.

బీజగణితం మూలకు పోయింది. దమయంతి నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు గంటలు ఆ పుస్తకం కూడబలుక్కుంది. తర్వాత డాబా మీద నవారు మంచం పడవైంది. దండెం మీది దుప్పటి తెరచాపైంది. రోకలి చుక్కాని కర్రైంది.

"గాలి విసురొస్తే పడవ ఒరుగుతుందండీ. అప్పుడు తెరచాప తాడు వదులు చెయ్యాలి, కర్రని తెరచాప వైపు నెట్టాలి. కర్ర ఎటు నెడితే పడవ ముక్కు దానికి ఎదురువైపు తిరుగుతుంది."

"ఎదురువైపా? ఇదెక్కడి న్యాయం?"

అరగంట గడిచినా అతనికి కుడి ఎడమలు కుదరలేదు. ఇంతలో నిజంగానే ఒక విసురు వచ్చింది. దుప్పటి లేచి, అప్పుడే మెట్లెక్కి వస్తున్న అరుంధతమ్మను నిలువునా చుట్టేసింది.

"ఏందమ్మా గిది? ఇల్లు ఖాళీ చేస్తున్రా?" దుప్పట్లోంచి వినబడింది.

"లేదు పిన్నిగారూ, పడవ నేర్పుతున్నాను."

సంగతంతా విని అరుంధతమ్మ చీర సర్దుకుంది. "కుడి, ఎడమ అంటే మనిషి పరేషాన్ అయితడు. తెలిసిన జాగలు చెప్పాలె. దుప్పటి దిక్కు నారాయణగూడ. ఇటు దిక్కు అశోక్‌నగర్. గాలొచ్చిందా, కర్రను నారాయణగూడకు తోలు. ముక్కు అశోక్‌నగర్‌కు పోతది. అయిపాయె!"

అంతే. పన్నెండుసార్లు గాలి వచ్చిందన్నారు, పన్నెండుసార్లూ వీరరాఘవరావు తప్పు చెయ్యలేదు.

మూడింటికి ఆడవాళ్లిద్దరూ చెరువు గట్టున నిలబడ్డారు. "గోదావరాయన ఉండంగ నాకేం ఫికర్," అని జగదీశ్వర్ గారు తాను తాడు పట్టుకుని, కర్ర అతని చేతికిచ్చారు. పడవ గట్టు పక్కనే కాసేపు బుద్ధిగా సాగింది. అప్పుడు వచ్చింది విసురు.

"రాఘవరావ్! గాలొచ్చింది, కర్ర నెట్టు!"

"అవునండీ! సార్, నారాయణగూడ ఎటండీ?"

"గిప్పుడు నారాయణగూడల నీకేం పనయ్యా!"

వీరరాఘవరావు చుట్టూ చూశాడు. నీళ్ల మీంచి చూస్తే నారాయణగూడా, అశోక్‌నగరూ ఒకే దిక్కున ఉన్నాయి. కర్ర అటే, ముక్కూ అటే అయితే ఎలా? సరిగ్గా చూసి తేల్చుకుందామని లేచి నిలబడ్డాడు.

రెండో విసురుకు పడవలో అతను లేడు.

పడవెక్కేముందు తొడిగిన బెండ్ల చొక్కా ఉంది కాబట్టి మనిషి తేలాడు. తన పరీక్ష మాత్రం మునిగిపోవడం దమయంతి గట్టు మీంచి కళ్లారా చూసింది. జగదీశ్వర్ గారు తాడు వదిలేసి, పడవను నిలబెట్టి, కాలరు పట్టి అతన్ని పైకి లాగి గట్టుకు చేర్చారు.

"నీకు పడవ నడపరాదా?"

"అవునండీ."

"మరి గోదావరి మీద నీకున్న బెంగ?"

"మాది పెద్దాపురం సార్. నది మాకు చాలా దూరం."

ఆఫీసరు గారు తల పట్టుకున్నారు. "గోదావరి యాదికొస్తదా అని ఎన్నిసార్లడిగినా అవునండీ అంటివి! పాపం, బెంగపెట్టుకున్నడని నేనే గదనయ్యా తిరిగి తిరిగి నీకు రాజమండ్రి ఖాళీ పట్టింది! రేపు సంతకం పెడ్తుంటి."

"పెట్టకున్రి సార్," అంటూ అరుంధతమ్మ ముందుకొచ్చింది. "ఈ పిల్ల పరీక్ష రాయాలె. నేను చదివిస్తున్న."

"ఇంకెందుకు పెడ్తనమ్మా? రేపే చింపేస్త. అమ్మా, నువ్వు మంచిగ రాయి."

దమయంతి ఆయనకు దండం పెట్టింది. అరుంధతమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎవరూ చూడకుండా గాలి వచ్చిన వైపు తిరిగి మరో దండం పెట్టింది.

రిక్షాలో అరుంధతమ్మ శాలువా కప్పుకుని వీరరాఘవరావు నాలుగుసార్లు తుమ్మాడు. "చూశావా, నేను నీళ్లలో పడబట్టే నీ పరీక్ష నిలబడింది," అన్నాడు.

దమయంతి మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. ఆ ఒక్క పనీ అతను ఎవరూ నేర్పకుండానే చేశాడు.