అరువు ఊపిరి

ఆ ఉదయం లారీల షెడ్డు మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. తన బదులు బావమరిది వెళ్లి గొట్టంలోకి ఊది రావాలి, అంతే. ఇరవై రెండేళ్లుగా లారీల కింద పడుకుని పొగ మింగిన మనిషి మేస్త్రి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆరు నెలల కిందట సగం లారీలకు, వాడేసిన వంటనూనెతో చేసిన డీజిల్ పోయడం మొదలుపెట్టారు. పొగలో నలుపు తగ్గింది గాని కళ్లమంట తగ్గలేదు. దీనివల్ల పనివాళ్ల ఆరోగ్యం ఎంత మారిందో చూడడానికి ఇవాళ డాక్టరు వచ్చి, అందరిచేతా గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలుస్తాడు. ఊపిరి చాలనివాళ్లను ఇంటికి పంపేస్తారని షెడ్డంతా గుసగుసలు. ఈ వయసులో పని పోతే మళ్లీ ఎవరిస్తారని మేస్త్రి గుండెల్లో రాయి పడింది.

బావమరిది ఈత మాస్టారు. నీళ్లలో మునిగాడంటే, చూసేవాళ్లు కంగారుపడి కేకలు పెట్టేదాకా తేలడు.

"ఒరేయ్, మామూలుగా ఊదు. నీ గొప్పలు అక్కడ చూపించకు."

"ఆమాత్రం నాకు తెలీదా బావా? నువ్వు నిశ్చింతగా పడుకో."

మొహానికి మసి పూసుకుని, మేస్త్రి చొక్కా తొడుక్కుని బావమరిది వెళ్లాడు. తోటివాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. డాక్టరు "ఇంకా గట్టిగా" అనడమే ఆలస్యం, ఒళ్లు మరిచి ఊదాడు. ఊపిరి కొలిచే మీటరు ముల్లు చివరంటా పోయి ఆగింది. ఆరు నెలల కిందట మేస్త్రి స్వయంగా ఊదినప్పుడు అది సగం కూడా కదల్లేదు.

"ఇంత మార్పా! అంతా కొత్త ఇంధనం చలవే!" అన్నాడు డాక్టరు.

కాగితం చూసి మేనేజరు ఉబ్బిపోయాడు. "అయితే షెడ్డుకి పొగ లాగే ఫ్యాన్లు దేనికండీ? దండగ. ఆపించేద్దాం."

సాయంత్రం నోటీసు అంటించారు. ఊపిరి చాలని ముగ్గురికీ అదే జీతం మీద సామాన్ల గదిలో పని. రెండు వైపులా కిటికీలు. అందరికన్నా గట్టి ఊపిరి గల మేస్త్రికి, ఇంకా పాత డీజిల్‌తోనే నడిచే లారీల కింద మరమ్మతు గోతిలో.

మేస్త్రి రొప్పుకుంటూ డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యా, ఆ ఊపిరి నాది కాదండీ!"

"తెలుసయ్యా, కొత్త ఇంధనానిది," అంటూ డాక్టరు భుజం తట్టాడు.

"మరి ఈ ఆయాసం?"

"సంతోషంలో అలాగే ఉంటుంది."

మేస్త్రికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు.

మర్నాటి నుంచి అతను గోతిలో ఉన్నాడు. నివేదిక ప్రకారం ఆరోగ్యంగానే ఉన్నాడు.