దశరథ ఫొటోకు దండ వేసిందెవరు?

"నేరం ఎంత లోతుల దాక్కున్నా సరే, ఈ ఇంద్రసేన బుర్ర గాలం లెక్క దిగుతది. పడుతది. ఒడ్డుకు గుంజుతది!"

అని ఇంద్రసేన కాసేపు ఆగాడు. చప్పట్ల కోసం ఆగాడని షహీన్‌కు తెలుసు. ఆమె కొట్టలేదు. ఆమె గుండె అప్పటికే కావలసినంత గట్టిగా కొట్టుకుంటోంది.

ఇంద్రసేనది షహీన్ డిజైన్ దుకాణానికి పక్క దుకాణం. ఇబ్రహీంపట్నంలో బోరు మోటార్లు కాలినా, ఫ్యాన్లు తిరగకపోయినా రాగి తీగ చుట్టి బాగుచేస్తాడు. బోర్డు మీద మాత్రం 'డిటెక్టివ్ ఇంద్రసేన' అని బారెడు అక్షరాల్లో ఉంటుంది, కింద 'మోటారు వైండింగ్ చేయబడును' అని చీమ తలకాయంత. ఆ బోర్డు చేసిచ్చింది షహీనే. పేరు చుట్టూ నీలి మంట ఎఫెక్టు పెట్టమని మూడు రోజులు ఆమె ప్రాణం తోడేశాడు. ఇప్పటిదాకా అతను తేల్చిన కేసు ఒక్కటే. తప్పిపోయిన మేక, అతను రావిర్యాల దాకా వెతికి వచ్చేసరికి ఇంట్లో కుడితి తాగుతూ కనిపించింది.

ఈసారి హతుడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఆయన దశరథ, చేపలు పట్టేవాళ్ల సంఘానికి అధ్యక్షుడు. సంఘానికి వెబ్‌సైట్ చేయమని షహీన్‌కు అప్పగించాడు. పన్నెండు మంది సభ్యుల రంగు ఫొటోలు ఇచ్చాడు. మధ్యాహ్నం వెబ్‌సైట్ తెరుచుకుంది. పదకొండు మంది రంగుల్లో నవ్వుతున్నారు. దశరథ ఒక్కడే నలుపు తెలుపుల్లో, మెడలో బంతిపూల దండతో, పక్కన దీపంతో ఉన్నాడు.

అది మన్నెగూడలో ఉన్న ఆయన అక్క నర్సింహమ్మకు పక్కింటివాళ్ల ఫోన్‌లో కనపడింది. ఆమె గుండెలు బాదుకుంటూ బస్సెక్కింది. బస్సంతా ఓదార్చింది. ఇబ్రహీంపట్నంలో దిగేసరికి తమ్ముడు హోటల్ ముందు మిర్చి బజ్జీ తింటున్నాడు. ఆమె ముందు కావలించుకుంది, ఆ తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది.

"బతికున్నోనికి దండేస్తవా బిడ్డా?" దశరథ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. "పొద్దుగూకే లోపల గిది ఎవ్వలు జేసిండ్రో తేలాలె. లేకుంటే రేపు సంఘంల జెప్త. పని వేరేటోళ్లకిస్త."

షహీన్ క్యాలెండర్ వైపు చూసింది. దుకాణం నడుపుకోవడానికి తండ్రి లాల్ మహమ్మద్ ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఈ నెలతో అది తీరిపోతుంది. ఇన్నాళ్లూ ఫ్లెక్సీలే తప్ప వెబ్‌సైట్ పని రాలేదు. వచ్చిన మొదటిది ఇదే. 'ఆ పిల్ల చేతిలో పడితే బతికున్నవాళ్లకూ దండ పడుతుంది' అన్న మాట ఊళ్లో పుట్టిందా, ఇక పెళ్లి కార్డు కూడా ఎవరూ వేయించరు.

"కాకా, దండ నా కంప్యూటర్‌దే. నేనే తయారుచేసిన. కాని నీకు వెయ్యలే," అంది.

చావు ఫ్లెక్సీల కోసం ఏడుస్తూ వచ్చేవాళ్లను గంటలకొద్దీ కూర్చోబెట్టడం ఇష్టంలేక, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆమె ఒక కమాండ్ తయారుచేసుకుంది. ఒకసారి చేసి చూపిస్తే ఆ పనులన్నీ అది గుర్తుపెట్టుకుంటుంది. ఫొటో రంగు తీసేయడం, మెడలో దండ, పక్కన దీపం, చివరికి సేవ్ చేసి మూసేయడం. కీబోర్డు పైవరసలో ఎఫ్ తొమ్మిది నొక్కితే రెప్పపాటులో అన్నీ అయిపోతాయి. పక్కనే ఉన్న ఎఫ్ ఎనిమిది మాత్రం ఫొటోను గుండ్రంగా కత్తిరించి, చుట్టూ వెలుగు పెడుతుంది.

"నేను అందరికీ ఎనిమిదే నొక్కిన. అల్లా తోడు."

"ప్రమాణాలు కోర్టుకు. నాకు ఆధారాలు గావాలె," అంటూ ఇంద్రసేన భూతద్దం తీశాడు. మోటారు తీగ మందం చూసుకునే భూతద్దం అది. కీబోర్డు మీదకు వంగి కెవ్వుమన్నాడు. "రాగి తీగ ముక్క! బటన్ల నడుమ! ఇది మామూలోళ్ల పని గాదు. టైమ్ బాంబులకు గిసోంటి తీగనే వాడ్తరు. విదేశీ ముఠా!"

"ముఠాకు మా తమ్ముని ఫొటోతోని ఏం పని?" అంది నర్సింహమ్మ.

"అదే అమ్మా మిస్టరీ!" అతను ముక్కను కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో దాచాడు. ఆ జేబులో అప్పటికే బెత్తెడు రాగి తీగ చుట్ట ఉంది.

"దుకాణం విడిచి ఎప్పుడు పోయినవ్?"

"మధ్యాహ్నం జొహర్ నమాజుకు, అన్నానికి ఇంటికి పోయిన. అప్పుడు కాక ఫొటోనే తెరిచి ఉండె. వచ్చేసరికి మూసి ఉంది. నేనే మూసిన అనుకున్న. కాక ఫోన్ల మీద ఫోన్లు జేస్తుండె. మళ్ల చూడకుండ పన్నెండూ వెబ్‌సైట్‌కు ఎక్కించిన." ఆ చివరి మాట అంటుంటే ఆమెకు సిగ్గేసింది. తప్పు తనదీ ఉంది.

"ఆ నడుమ లోపలికి ఎవ్వలు వచ్చిండ్రు?"

"నాకేం ఎరుక? నువ్వొక్కనివే వచ్చినట్టున్నవ్ అన్నా. నువ్వు బాగుచేసిన నా టేబుల్ ఫ్యాన్ కింద పెట్టి ఉండె."

"నన్ను తీసెయ్. డిటెక్టివ్ పేరు అనుమానితుల లిస్టుల ఉండదు. అది రూలు." నోటుబుక్కులో తన పేరు రాసి, దర్జాగా కొట్టేశాడు. "దశరథన్నా, నీ తర్వాత అధ్యక్షుడు ఎవరైతడు?"

"ఐలేష్. నా బామ్మర్ది. పొద్దుగాలనే తుక్కుగూడ పోయిండు."

"ఊళ్లె లేడా? అయితే వాడే! నేరస్తుడు ఎప్పుడూ ఊళ్లె లేనట్టే ఉంటడు. షహీన్, ఐలేష్ ఫొటో తెరువు. వాని కండ్లు చూడాలె."

షహీన్ తెరిచింది. తెర నిండా ఐలేష్ అమాయకంగా నవ్వాడు.

"చూసినవా, ఎంత తయారు జేసుకున్న నవ్వు! ఇగ నేరం జరిగినప్పుడు గదిల ఏది ఎక్కడుందో అట్లనే పెట్టి చూద్దాం. నేను ఫ్యాన్ దెచ్చిన. ఇట్ల లోపలికి వచ్చిన." ఆ ఫ్యాన్ పట్టుకుని బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చాడు. "స్టూలు మీద చాయ్ గ్లాసులు ఉండె. అందుకని టేబుల్ మీద పెట్టి, ప్లగ్గు వెట్టి, తిరుగుతుందో లేదో..."

ఫ్యాన్ అడుగు కీబోర్డు పైవరస మీద దిగింది.

ఐలేష్ రంగు పోయింది. మెడలో దండ పడింది. పక్కన దీపం వెలిగింది. ఐలేష్ తెర మీదనుంచి మాయమయ్యాడు.

"రెండో హత్య!" అని అరిచాడు ఇంద్రసేన. "మన కండ్ల ముందటనే! తలుపులు మూయుండ్రి! ముఠా గీ గదిలనే ఉంది!"

ఎవరూ తలుపు మూయలేదు. ముగ్గురూ ఫ్యాన్ వైపు చూస్తున్నారు.

"ముఠా గాదు నాయనా," అంది నర్సింహమ్మ. "ముందుగాల ఆ ఫ్యాన్ లేపు."

ఇంద్రసేన కిందికి చూశాడు. ఫ్యాన్ అడుగు కింద ఎఫ్ తొమ్మిది. అడుగు అంచున వేలాడుతున్న రాగి తీగ ముక్క. జేబులోని పొట్లాన్ని ఒకసారి తడుముకున్నాడు. అతని ముఖం అచ్చం కమాండ్ పడిన ఫొటోలా రంగు మారింది. అయినా తేరుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ముద్దాయి దొరికిండు," అన్నాడు. "ఈ ఫ్యానే!"

దశరథ ముందుగా నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గాడు. షహీన్‌కు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ వచ్చాయి. ఫోన్‌లో దాచిన అసలు ఫొటోలు తీసి, ఇద్దరికీ ఈసారి లెక్కపెట్టుకుని ఎనిమిది నొక్కి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకుని, దశరథది వెబ్‌సైట్‌లో మార్చింది. నర్సింహమ్మ తెర మీద తమ్ముడి చెంపను వేలితో తాకింది.

"ఉత్త చావు కబురు వస్తే ఆయుష్షు పెరుగుతదంటరు," అంది. ఆమె కళ్లు మళ్లీ తడిశాయి. "నేను ఏడ్చింది ఊకనే పోలేదురా."

కానీ షహీన్ లేవలేదు. తన కమాండ్‌ను మళ్లీ విప్పి, మొదటి మెట్టుగా కొత్తది ఒకటి చేర్చింది. ఇక ఎఫ్ తొమ్మిది ఎవరు నొక్కినా, చేయి నొక్కినా ఫ్యాన్ నొక్కినా, దండ పడేముందు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది.

"కాకా, నీ ఫొటో తెరిచిన. నువ్వే నొక్కి చూడు."

దశరథ వలలు లాగి మొద్దుబారిన వేలితో భయపడుతూ నొక్కాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. 'మనిషి నిజంగనే పోయిండా?' కింద రెండు గడులు. 'అవ్'. 'లేదు'.

ఆయన మౌసు జాగ్రత్తగా జరిపి, 'లేదు' మీద నొక్కాడు. ఫొటో రంగుల్లోనే ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"సంఘం పని నీదే బిడ్డా. మీ బాపుకు నేను జెప్త," అన్నాడు. "ఒక్కటే షరతు. ఫ్యాన్ ఖరాబైతే విసనకర్రతోని ఇసురుకో. ఈనకు మాత్రం ఇయ్యకు."

ఇంద్రసేనకు ఆ మాట వినపడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, తెర మీది ప్రశ్నను మరోసారి చదువుతున్నాడు.

"మనిషి నిజంగనే పోయిండా..." అని గడ్డం నిమురుకున్నాడు. "తొందరపడి నొక్కినవ్ దశరథన్నా. గిది దర్యాప్తు చేస్తెనే తేలుతది."