మెషిన్ రూములో మారథాన్

ఆదివారం పొద్దున్నే మనిషిని నిద్ర లేపే హక్కు ఎవరికీ లేదని పైకీకిందికీ గారి గట్టి నమ్మకం. వారానికో సెలవంటే యజమానులు జాలిపడి పారేసింది కాదు, మన పెద్దలు రోడ్డెక్కి కొట్లాడి తెచ్చుకున్నది అని యూనియన్ మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. బల్ల ఎదురు మాట్లాడేది కాదు. ఇంట్లో మాత్రం ఆ ఉపన్యాసం చెప్పులతో పాటు గుమ్మం బయటే ఆగిపోయేది.

ఆయన లిఫ్టు మెకానిక్. ఆ పేరు వచ్చింది అందుకే. వారంలో ఆరు రోజులు పాతిక బిల్డింగుల లిఫ్టులకి గ్రీజు పెడతాడు, తాళ్లు చూస్తాడు, ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగుతాడు. జనానికి మెట్లెక్కే బాధ తప్పించడమే ఆయన జీవితాశయం. ఆ జనంలో మొదటివాడు తనే.

భార్యది వీధి చివర లాండ్రీ. చొక్కా మీద మరక చూసి మనిషి వారం రోజుల చరిత్ర అప్పజెప్పేస్తుంది. వీధంతా కలిసి ఆవిడకి మరకల జడ్జి అని పేరు పెట్టారు. ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

ఇక గొడవంతా దేనికంటే, శనివారం ఇస్త్రీ అయిన మూటలు ఆదివారం పొద్దున పదకొండు బిల్డింగులకి చేరాలి. చేర్చేది పైకీకిందికీ. అన్నిట్లోనూ లిఫ్టులున్నాయి కాబట్టి కాళ్లకి కష్టం లేదు. పోయేది నిద్ర. పన్నెండేళ్ల ఆదివారం నిద్ర.

ఒకరోజు గోడ మీద పోస్టరు కనబడింది. నడి వేసవిలో మారథాన్. పెట్టింది ఓ కూలర్ల కంపెనీ. జనాన్ని ఎండలో ఉరికిస్తే ఇంటికొచ్చి కూలర్ కొంటారని వాళ్ల ఆలోచన. పైకీకిందికీ ఆ పోస్టరు రెండుసార్లు చదివి, మూడోసారి నవ్వుకున్నాడు.

"వచ్చే ఆదివారం నుంచి నేను మూటలు మొయ్యలేను," అన్నాడు ఆ పూటే, లాండ్రీలో స్టూలు లాక్కుని.

"ఏం, నడుమా?"

"నడుం కాదు. మారథాన్."

"అది ఒంట్లో ఎక్కడొస్తుంది?"

"రోగం కాదే. పరుగు. నలభై రెండు కిలోమీటర్లు. ఇంకా ఎనిమిది వారాలుంది. ప్రతి ఆదివారం తెల్లారే వెళ్లి ప్రాక్టీసు చెయ్యాలి."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మొన్న కిరాణా కొట్టుకి ఆటో ఎక్కింది మీరే కదా?"

"అందుకే మొదలుపెడుతున్నా."

"ఎండకి పడిపోతే?"

"పడిపోతే లేస్తా."

"ఇన్నేళ్లుగా పడుకుంటేనే లేవట్లేదు మీరు."

అయినా ఆవిడ సరేనంది. మూటలు తనే స్కూటర్ మీద వేసుకుపోతానంది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అనుమానపడాల్సింది. పడలేదు. పడితే ఆయన పైకీకిందికీ ఎందుకవుతాడు?

ప్రాక్టీసు ఎక్కడంటే, ఊరి మధ్యన ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగులో. ఆదివారం అక్కడ కాకి కూడా డ్యూటీ చెయ్యదు. డాబా మీద లిఫ్టు మెషిన్ రూము. దానికి ఏసీ ఉంది. ఏసీ మనిషి కోసం అనుకునేరు, కంట్రోల్ ప్యానెల్ వేడెక్కకుండా. మెకానిక్కు చెమట పడితే తుడుచుకుంటాడు, ప్యానెల్ తుడుచుకోలేదు కదా. ఆ ప్యానెల్ పక్కన ఓ అట్టపెట్టె పరిచి, ఇంటి నుంచి గుట్టుగా తెచ్చిన దిండు వేసి, పైకీకిందికీ మూడు గంటలు గుర్రు పెట్టాడు. కింద కాపలా వాచ్‌మన్ పేరు కుర్చీ. అందులోంచి లేచిన దాఖలా లేదు కాబట్టి ఆ పేరు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

వచ్చేముందు కుళాయి కింద తల పెట్టి, చొక్కా తడుపుకుని, ఆఖరి వీధి మాత్రం పరిగెత్తి రొప్పుతూ ఇంట్లోకి వచ్చాడు.

మరకల జడ్జి ఆ చొక్కా ఆరేసింది. ఎండాక చూసింది.

"మీ చెమటలో ఉప్పు లేదు."

"ఏంటి?"

"చెమట ఆరితే తెల్లటి చారలు కట్టాలి. ఇది కడిగినట్టుంది."

"మొదటి రోజు కదా. ముందు నీళ్లొస్తాయి, ఉప్పు తర్వాత వస్తుంది."

"ఓహో, కుళాయిలాగా," అని ఊరుకుంది.

రెండో ఆదివారం ఆయన జేబులో ఉప్పు పొట్లం పెట్టుకెళ్లాడు. కొలత తెలియక గుప్పెళ్లతో కలిపాడు. ఆరాక ఆ చొక్కా ఎవరూ పట్టుకోకుండానే గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ వేలితో కొట్టి చూసింది. టక్కుమంది.

"ఇంత ఉప్పు బయటికొచ్చిందంటే లోపల మనిషి మిగిలాడా అసలు?"

"కష్టపడ్డానే."

"ముందు వైపే కష్టపడ్డారు. వీపు పొడిగా ఉంది."

"ఎదురెండ."

మూడో వారం కొలత కుదిరింది, వీపుకీ పోసుకున్నాడు. నాలుగో వారం వీపు మీద నల్లటి మరక దొరికింది. ఆవిడ వాసన చూసింది.

"గ్రీజు."

"దారిలో లారీ ఆగిపోతే తోశాను."

"వీపుతోనా?"

"చేతులు నొప్పెట్టాయి."

ఆవిడ ఏమీ అనకుండా మరక మీద సుద్దపొడి చల్లింది. పైకీకిందికీ ఊపిరి పీల్చుకున్నాడు. భార్య ఊరుకుంటే గెలిచామనుకునే మగాడికి ఏ యూనియనూ న్యాయం చెయ్యలేదు.

ఆరో వారం ఆవిడ ఓ కవరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. లోపల గుడ్డ మీద పెద్ద అంకెలు. "మీ నంబరు. పేరు ఇచ్చేశాను. మా అన్నయ్య కూడా మీతో పరిగెడతాట్ట."

ఆవిడ అన్నయ్య బళ్లో డ్రిల్లు మాస్టారు. నిద్రలో కూడా మెడలో విజిల్ ఉంటుంది. విజిల్ బావగారు అంటే ఊళ్లో కుక్కలు కూడా వరుసలో నిలబడతాయి.

పందెం రెండు రోజులుందనగా పైకీకిందికీ మెట్టు మీద జారి, మడమ పట్టుకుని మూలిగాడు. నిజానికి జారలేదు, మెల్లిగా కూర్చున్నాడు. విజిల్ బావగారు అరగంటలో దిగి, మడమ చేతిలోకి తీసుకుని, బోరింగు పంపు కొట్టినట్టు కొట్టాడు.

"తగ్గిందా బావగారూ?"

"తగ్గింది, తగ్గింది, వదలండి."

"తగ్గినట్టు లేదే, ఇంకోసారి..."

పైకీకిందికీ లేచి వసారాలో నాలుగు చుట్లు పరిగెత్తి చూపించాడు. ఎనిమిది వారాల్లో ఆయన చేసిన అసలు ప్రాక్టీసు అదొక్కటే.

పందెం రోజు ఆరున్నరకే నేల పెనంలా కాలుతోంది. కూలర్ల కంపెనీ పెద్దమనిషి ఏసీ కారులోంచి చెయ్యి మాత్రం బయట పెట్టి జెండా ఊపాడు. జెండా బయట, ఆయన లోపల. ఎండని జయిద్దాం రండి అని మైకులో అన్నాడు. మనం జయించాలట, ఆయన చూస్తాడట.

మరకల జడ్జి మూటలు వేసుకున్న స్కూటర్‌తో వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. పైకీకిందికీ ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "జేబులో ఉంటే బరువు. నువ్వుంచు."

"జాగ్రత్తండీ," అంది ఆవిడ. నిజంగానే అంది.

విజిల్ బావగారు మొదటి మలుపులోనే మాయమయ్యాడు. పైకీకిందికీ ఒక కిలోమీటరు పరిగెత్తాడు, ఒకటి నడిచాడు, ఇంకొకటి గోడలు పట్టుకుని లాగించాడు. మూడోది అయ్యేసరికి, ఆయన ముందే లెక్క వేసుకున్నట్టు, ఆరంతస్తుల ఆఫీసు ఎదురైంది. కుర్చీ లేడు, ఖాళీ కుర్చీ ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లేచి పరుగు చూడ్డానికి వెళ్లాడు. పైకీకిందికీ లిఫ్టెక్కి ఆరు నొక్కాడు. రెండున్నర గంటలు పడుకుని, లేచి, ఆఖర్లో జనంలో కలిసిపోవాలని పథకం.

రెండో అంతస్తు దాటింది. మూడోది రాలేదు. లైటు పోయింది, ఫ్యాను పోయింది, లిఫ్టు ఆగింది. ఊళ్లో ఏసీలన్నీ ఒక్కసారి మొదలై ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. సెలవు రోజు ఆ బిల్డింగులో జనరేటర్ వెయ్యరు.

ఆయన నవ్వుకున్నాడు. లిఫ్టులో ఇరుక్కుంటే ఏం చెయ్యాలో ఆయనకి కాక ఎవరికి తెలుసు? గోడకున్న ఎర్ర బటన్ నొక్కాలి. అది బ్యాటరీ ఫోను. నేరుగా ఒకే నంబరుకి వెళుతుంది. మెకానిక్ నంబరుకి.

నొక్కాక గుర్తొచ్చింది మెకానిక్ ఎవరో.

"హలో," అంది మరకల జడ్జి.

పైకీకిందికీ ముక్కు పట్టుకున్నాడు. "హలో. ఇక్కడ లిఫ్టులో ఒకాయన ఇరుక్కున్నాడండి."

"ఏ బిల్డింగు?"

"ఆరంతస్తుల ఆఫీసు."

"ఆదివారం ఆఫీసేంటి బాబూ?"

"ఓవర్‌టైం."

"సెలవు పూట పని చేయిస్తున్నారా? ఊరుకోకండి, యూనియన్‌లో చెప్పండి. మా ఆయన నాయకుడు."

"అలాగేనండి. ముందు మెకానిక్‌ని..."

"ఆయన లేరు. మారథాన్ పరిగెడుతున్నారు. సాయంత్రానికి వస్తారు."

"సాయంత్రం దాకా ఇక్కడుంటే ఉడికిపోతాను."

"మా ఆయన అంతకన్నా ఎండలో ఉన్నారు పాపం. ఆయన్ని తలుచుకుని ఓర్చుకోండి."

ముక్కు మీది చెయ్యి దానంతటదే జారిపోయింది. "ఏమే, నేనే."

"నాకు తెలుసండీ. మొదటి హలోకే తెలుసు."

మూటలతో తిరిగిన ఈ రెండు నెలల్లో కరెంటు పోయినప్పుడల్లా మెట్లెక్కింది కాబట్టి ఆరంతస్తులు ఎక్కడం ఆవిడకి కొత్త కాదు. ఆయన చెప్పిన చోట తాళంచెవి తీసుకుని మెషిన్ రూము తెరిచింది. ఫోను స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచింది.

"ఇక్కడ నా దిండుంది," అంది.

ఆయన ఎర్ర బటన్ దగ్గర్నుంచి ఓ అడుగు వెనక్కి జరిగాడు.

"పెళ్లప్పుడు మా అమ్మ కుట్టిచ్చిన గలీబు. రెండు నెలలుగా బీరువాలన్నీ వెతికాను."

"ముందు మెయిన్ స్విచ్ ఆపు," అన్నాడు మాట మార్చి. "ఎర్ర కర్ర ఉంటుంది, అది బ్రేకు. ఒక చేత్తో అది ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో చక్రం తిప్పు. పైకి తిప్పు, అవతల ఎదురు బరువు లాగుతుంది, తేలిక. నాలుగడుగులు చాలు."

చక్రం కిర్రుమంది. లిఫ్టు ఒక అడుగు లేచి ఆగింది.

"ఎందుకాపావు?"

"ప్రాక్టీసు ఎన్ని రోజులు చేశారు?"

"ఒక్క రోజూ చెయ్యలేదు."

ఇంకో అడుగు లేచింది. ఆగింది.

"ఇలా కాదే. ఏదన్నా ఉంటే కూర్చుని చర్చించుకోవాలి. యూనియన్‌లో మేం అలాగే..."

"ఇవి చర్చలే. బ్రేకు నా చేతిలో ఉంది, అంతే తేడా."

చీకట్లో ఆయన చొక్కా పిండితే బక్కెట్టు నిండేలా ఉంది. "సరే, నీ డిమాండ్లు చెప్పు."

"నేను పెళ్లయినప్పట్నుంచీ లాండ్రీ షట్టరు తియ్యని ఆదివారం ఒకటి చెప్పండి."

పైకీకిందికీ వెతికాడు. పండగలు వెతికాడు, జ్వరాలు వెతికాడు. కూతురు పుట్టిన వారం గుర్తొచ్చింది. ఆ ఆదివారం కూడా మధ్యాహ్నం తీసింది. బల్ల గుద్ది చెప్పిన ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటే లిఫ్టులోకి వచ్చి ఆయన పక్కన ఇరుక్కున్నాయి.

"లేదు," అన్నాడు.

"మీకు పన్నెండేళ్లుగా నిద్ర పోయింది. నాకు ఆదివారమే లేదు."

"ఇకపైన ఆదివారం నీదే. షట్టరు తియ్యకు. మూటలు నేను వేస్తా."

మూడో అడుగు.

"ఇవాళ్టి నుంచి," అంది ఆవిడ.

"ఇవాళ కరెంటు లేదే. పదకొండు బిల్డింగుల్లో లిఫ్టులు..."

చక్రం కదల్లేదు. లోపల గాలి కూడా.

"ఇవాళ్టి నుంచే," అన్నాడు ఆయన.

నాలుగో అడుగు. ఆయన తలుపులు చేతుల్తో లాగి మూడో అంతస్తులో పడ్డాడు. ఆవిడ దిండు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. మంచినీళ్ల సీసా ఇచ్చి, తాగేదాకా నిలబడింది. కిందికి దిగాక మూటలన్నీ ఆయన నెత్తినా భుజానా సర్దింది.

"స్కూటర్?"

"దానికీ ఆదివారమే," అని ఎక్కి ఇంటికి పడుకోడానికి వెళ్లిపోయింది.

రోడ్డు మీద ఇంకా పరుగు సాగుతోంది. గుండె మీద నంబరు, నెత్తిన మూట, చూసిన జనం చప్పట్లు కొట్టారు. ఒకామె పైపుతో నీళ్లు చల్లబోయింది. "వద్దమ్మా, ఇస్త్రీ పోతుంది," అని పక్కకి గెంతాడు. తిరుగు దారిలో వస్తున్న విజిల్ బావగారు ఆగి చూశాడు. "బరువుతో పరిగెడుతున్నారా బావగారూ? నేనింకా ఆ స్థాయికి రాలేదు," అని విజిల్ వేసి పోయాడు.

ఒకటో బిల్డింగు, నాలుగంతస్తులు. రెండోది, ఐదు. తన చేత్తో గ్రీజు పెట్టిన లిఫ్టులు ప్రతి గుమ్మంలోనూ నోళ్లు మూసుకుని నిలబడి ఆయన్ని చూశాయి. పదకొండో బిల్డింగు ఐదో అంతస్తుకి చేరేసరికి ఆయన మోకాళ్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. తలుపు తీసిన పెద్దావిడ మూట అందుకుని, నంబరు చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"పందెంలో ఉన్నావా నాయనా?"

"ఉన్నానండీ."

"ఎన్నోవాడివి?"

"రెండోవాణ్ని."

"శభాష్. ఎంతమందిలో?"

పైకీకిందికీ మెట్టు మీద చతికిలబడి, ఇంట్లో హాయిగా పడుకున్న మరకల జడ్జిని తలుచుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఇద్దరిలోనండి."