ఎర్రగుడ్డ కట్టిన బెంచీలు

ఆ శనివారం పొద్దున బెంచీల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా బడికి వెళ్ళి ముప్పై బెంచీలకు వార్నిష్ వెయ్యాలి. ఇంటికొచ్చి స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు తొడుక్కోవాలి. పదకొండింటికి తల్లిదండ్రుల సభలో లేచి నిలబడి, ఏడాది పొడుగునా నడిచే ఈ కొత్త బడి పద్ధతిని నలుగురిలో కడిగి పారెయ్యాలి.

ఆ కోపానికి కారణం ఉంది. అయిదో తరగతి మధ్యలో బడి మానేసిన ఆ వడ్రంగి, ఇరవై మూడేళ్ళుగా అదే బడిలో బెంచీలు బాగుచేస్తున్నాడు. ఎండాకాలం సెలవులు రెండు నెలలూ బడి మొత్తం ఆయన చేతిలో ఉండేది. ఊగే కాళ్ళు బిగించేవాడు, పిల్లలు చెక్కిన పేర్లను చిత్రిక పట్టి చెరిపేసేవాడు, వార్నిష్ వేసి తీరిగ్గా ఆరనిచ్చేవాడు. బడి తెరిచిన రోజు పిల్లలు ఆ బెంచీల్లో ముఖాలు చూసుకునేవారు. చదువు చెప్పినవాళ్ళకు ఎన్నో సన్మానాలు జరిగాయి గాని, ఆ చదువును ఏడాదంతా కింద నుంచి మోసిన బెంచీలు ఎవరివో ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా ఆయన చెబుతూనే ఉంటాడు.

ఈ ఏడు ఆ రెండు నెలలూ పోయాయి. చదువుకున్నవాళ్ళు ఒకచోట కూర్చుని పిల్లల్ని ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అని నాలుగు జట్లు చేశారు. ఒక్కో జట్టుకు తొమ్మిది వారాలు బడి, మూడు వారాలు సెలవు. ఎప్పుడు చూసినా మూడు జట్లు బడిలో, ఒక జట్టు ఇంట్లో. గదుల కొరత తీరుతుందన్నారు, పిల్లలు నేర్చింది మరిచిపోరన్నారు. రెండూ నిజమే. కానీ నీలం జట్టు శుక్రవారం సాయంత్రం వెళితే, సోమవారం పొద్దున పసుపు జట్టు అవే గదుల్లో దిగుతుంది. బెంచీలకు దొరికేది మధ్యలో రెండు రోజులు. బెంచీ కూడా ఊపిరి పీల్చుకోవాలని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు కాబట్టి అది ఎవరికీ తట్టలేదు.

ఇంట్లో చిక్కు ఇంకొకటి. పెద్దకూతురు నీలం జట్టు, చిన్నకూతురు ఆకుపచ్చ. ఒకతె సెలవులు ముగిసిన కొన్నాళ్ళకే ఇంకొకతెకు మొదలు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి వెళ్ళే మేస్త్రి భార్య ఒక్క మాటలో తేల్చేసింది. "బడి ఏడాది పొడుగునా అన్నారు. సెలవులు కూడా ఏడాది పొడుగునా నా నెత్తిమీదే ఉన్నాయి."

వీటన్నిటికీ మించిన సంగతి ఏమిటంటే, అదే సభలో కొత్త పద్ధతిని సమర్థిస్తూ మాట్లాడడానికి టీచర్లు ఎంచింది తొమ్మిదేళ్ళ ఆ చిన్నకూతుర్నే. మన వంశంలో వేదిక ఎక్కుతున్న మొదటి మనిషి మనకే ఎదురుపార్టీ అని మేస్త్రి పళ్ళు నూరాడు. నూరుతూనే ఆ కబురు వీధిలో ఏడు ఇళ్ళకు చేరవేశాడు.

తొమ్మిదిన్నరకల్లా బెంచీల పని అయిపోయింది. ప్రతి బెంచీకీ ఒక ఎర్రగుడ్డ కట్టి ఇంటికి వెళ్ళాడు. ఎర్రగుడ్డ కడితే తడిగా ఉంది, ముట్టుకోవద్దని అర్థం. ఇరవై మూడేళ్ళుగా ఆ బడిలో గోడలకు కూడా ఆ సంగతి తెలుసు. తెలియనిది ఒక్క అటెండరుకే. అతను ఈ ఏడే, కొత్త కేలెండరుతో పాటే వచ్చాడు. అతనికి ఎరుపు కనిపిస్తే ఎర్ర జట్టు తప్ప మరొకటి తోచదు.

ఏ జట్టు తల్లిదండ్రుల్ని ఆ జట్టుగా కూర్చోబెట్టమని పెద్ద మేడం అతనికి చెప్పి ఉంది. హాల్లో ఎర్ర జట్టుకు చోటు చాల్లేదు. వెతుక్కుంటూ నిన్న సాయంత్రమే ఖాళీ అయిన నీలం గదుల్లోకి వెళితే అద్దాల్లా మెరిసే బెంచీలు, ఒక్కోదానికి ఒక్కో ఎర్రగుడ్డ. మేస్త్రి అడక్కుండానే అన్నీ అమర్చి పెట్టాడే అని అటెండరు మురిసిపోయాడు. తెలివైనవాడు కాబట్టి వేలు పెట్టి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. ఆ వార్నిష్ గుణమే అంత. గంటకల్లా పైపైన ఆరినట్టు ఉంటుంది. మనిషి బరువు, ఒంటి వేడి తగిలితే అప్పుడు లోపలి తడి మేలుకుంటుంది. ముందుగా వచ్చిన నలుగురు తండ్రుల్ని సాయం పిలిచి, కాళ్ళు పట్టుకుని ఎనిమిది బెంచీలు హాల్లోకి చేరవేశాడు.

అక్కడితో ఆగితే పోయేది. పాత సెలవులే కావాలని ఊరంతా తిరిగి అరవై మందిని కూడగట్టుకొచ్చిన బస్సు డ్రైవరు ఆకుపచ్చ జట్టు తండ్రి. ఆయనకు మేకులు తేలిన పాత బెంచీ దొరికింది. "ఎర్ర జట్టువాళ్ళకు మెరిసే బెంచీలు, మాకు మేకులా? మా పిల్లలేం చెట్టెక్కి చదువుతున్నారా?" అని అడిగాడు. పసుపువాళ్ళు, నీలంవాళ్ళు వంత పాడారు. తల్లిదండ్రుల అభిప్రాయం అడగడానికి విద్యాధికారి పావుగంటలో వస్తాడనగా పెద్ద మేడం పాత బెంచీలన్నీ బయట పెట్టించింది. మెరిసే బెంచీలన్నీ తెచ్చి వెయ్యమంది. ఆ ఎర్రగుడ్డల వల్లే కదా ఈ గొడవంతా అని స్వయంగా విప్పి చెత్తబుట్టలో వేసింది. బడిలో సమానత్వం రావడానికి సరిగ్గా పావుగంట పట్టింది.

మేస్త్రి వచ్చేసరికి పదకొండున్నర. జేబులో ఉపన్యాసం ఉంది. పెద్దకూతురు తప్పులు దిద్దుతూ కూర్చోవడంతో ఆలస్యమైంది. గుమ్మంలో అడుగు పెట్టగానే సొంత వార్నిష్ వాసన ముక్కుకు తగిలింది. తల తిప్పి చూశాడు. ముప్పై బెంచీలు, నలుగురేసి మనుషులు, వెనకాల ఒక్క చోటు ఖాళీ. మెల్లగా అటెండరు పక్కకు చేరాడు.

"తమ్ముడూ, వీటికి ఎర్రగుడ్డలు ఉండాలి కదా."

"మేడం విప్పేశారన్నా. ఎర్ర జట్టు ఒక్కటే ఎందుకు, అందరూ కూర్చోవాలన్నారు."

మేస్త్రి గోడకు ఆనుకున్నాడు. "కూర్చుని ఎంతసేపైంది?"

"అరగంట పైనే."

"అయితే పట్టేసి ఉంటుంది," అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో భయం ఉంది. పక్కనే ఇంకొకటి కూడా ఉంది, దాన్ని గర్వం కాదనడం కష్టం.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడే చిన్నకూతురు వేదిక ఎక్కింది. ఇప్పుడు చెబితే హాలంతా గోల, ఇక ఆ పిల్ల మాట ఎవరూ వినరు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ పిల్ల కాగితం చూడలేదు. పోయిన ఏడు రెండు నెలల సెలవుల తర్వాత తనకు భాగహారం గుర్తు లేదని, నాన్న చెవి మెలిపెట్టాడని, ఈ ఏడు మూడు వారాలే కాబట్టి లెక్కా చెవీ రెండూ నిలిచాయని చెప్పింది. జనం నవ్వారు. ఆ తర్వాత, టీచర్లు రాసివ్వని మాటలు మొదలుపెట్టింది.

"కానీ అక్కది నీలం, నాది ఆకుపచ్చ. మేమిద్దరం తీరిగ్గా పోట్లాడుకుని ఆరు నెలలైంది. ఒక ఇంటి పిల్లల్ని ఒకే రంగులో వెయ్యండి. ఇంకొకటి, మా నాన్న బెంచీలు బాగుచేస్తాడు. బెంచీ ఆరాలంటే ఎవరూ లేని గది కావాలి. ఏడాదిలో ఒక్క వారం నాలుగు రంగులకూ కలిపి సెలవివ్వండి. ఆ వారం మాకు కాదు, బెంచీలకు."

మేస్త్రి జేబులోని ఉపన్యాసం నాలుగు పేజీలు. అందులో అక్కరకొచ్చే మాట ఏదైనా ఉంటే అది ఆ పిల్ల చెప్పేసింది.

అధికారి కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ పాత రెండు నెలల సెలవులే కావాలనేవాళ్ళు లేచి నిలబడాలన్నాడు. హాల్లో కిర్రుకిర్రుమని ఒక చప్పుడు పుట్టింది. అరవై మంది ముందుకు వంగారు, అలాగే ఆగారు. తన కిందే ఎవరి పిల్లాడో బంక పూసి పోయాడని ఎవరికి వారు అనుకున్నారు. బయటికి చెప్పుకోవడానికి సిగ్గు. డ్రైవరు బలమైన మనిషి కాబట్టి జానెడు లేచాడు. బెంచీ కూడా లేచింది. పక్కనున్న భార్య చెయ్యి పట్టి లాగింది. "కూర్చోండి, నా బట్టలు చిరుగుతాయి." ఆయన కూర్చున్నాడు. డ్రైవరు మనసు మార్చుకున్నాడని అధికారి రాసుకున్నాడు.

"వెనకాల ఒకరు నిలబడ్డారు," అన్నాడు అధికారి. "మీరొక్కరే వ్యతిరేకమా?"

నూట పందొమ్మిది తలలు వెనక్కి తిరిగాయి. తలలు మాత్రమే. వేదిక మీంచి చిన్నది కూడా చూస్తోంది. మేస్త్రి ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటు వంక చూశాడు. పొద్దున ఆ పలకకు పూత కాస్త దట్టంగానే వేశాడు.

"లేదండీ. కూర్చోడానికి చోటు చూసుకుంటున్నా," అని వెళ్ళి కూర్చున్నాడు. తెలిసి కూర్చున్నవాడు ఆ హాల్లో ఆయనొక్కడే.

పద్ధతి ఏకగ్రీవంగా నెగ్గింది. అధికారి వెళ్తూ, తాను గుమ్మం దాటేదాకా ఒక్కరు కూడా సీటు వదలని ఇలాంటి క్రమశిక్షణ ఎక్కడా చూడలేదన్నాడు. ఆ తర్వాత మేస్త్రి కూర్చున్నచోటు నుంచే గొంతు సవరించుకుని సంగతి చెప్పాడు. తిట్లు పడ్డాయి. అన్నీ వినక తప్పలేదు, లేచి పోలేడు కదా. అటెండరు టర్పెంటైన్ డబ్బా తెచ్చాడు. చిన్నది గుడ్డ తడిపి, "కదలకు నాన్నా," అంటూ ముందు తండ్రిని విడిపించింది. తక్కిన నూట పందొమ్మిది మందినీ ఆయన ఒక్కొక్కరినే, చెక్క మీద గీత పడకుండా విడిపించాడు. చివరన మిగిలిన డ్రైవరు లేచి ప్యాంటు తడుముకుని, "మేస్త్రీ, మా బస్సులో సీట్లు ఊడిపోతున్నాయి. ఒకసారి వచ్చి చూడు," అన్నాడు.

సోమవారం పిలుపొస్తే, పని పోయిందనుకుని మేస్త్రి బడివాళ్ళ పనిముట్ల సంచీ అప్పగించడానికి పట్టుకెళ్ళాడు. పెద్ద మేడం అధికారి ఉత్తరం చేతికిచ్చింది. చిన్నమ్మాయి చెప్పిన రెండు సూచనలూ ఒప్పుకున్నారు. వచ్చే ఏడు కేలెండరులో 'బెంచీల వారం' అని అచ్చు వేస్తారు. మేస్త్రి ఆ ఉత్తరాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. రాసినవాళ్ళ చదువు మీద మొదటిసారి ఆయనకు గౌరవం కలిగింది.

ఆ వారానికి ఏ రంగు వేద్దామని మేడం అడిగితే, ఎరుపు తప్ప ఏదైనా పర్లేదన్నాడు.