మంత్రిగారి లైవ్ స్కానింగు

గోదావరి జిల్లాల్లో స్కానింగు చేసే ప్రతి డాక్టరూ బతికున్నంతకాలం చదువుకుంటూనే ఉండాలని ఆరోగ్యశాఖ మంత్రి గణేష్‌బాబుగారు ప్రకటించారు. ఆ సమయంలో ఆయన భీమవరం దగ్గర రొయ్యల మేత దుకాణం ప్రారంభిస్తున్నారు. అక్కడ స్కానింగు ప్రస్తావన ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. గొప్ప ఆలోచనలకు వేళాపాళా ఉండవు.

"చదువు ఆపేసిన డాక్టరు చేతిలో మెషీను ఉంటే ఏంటి, మేత బస్తా ఉంటే ఏంటి?" అన్నారాయన, బస్తా మీద చెయ్యి వేసి. దుకాణం యజమాని అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు టీవీలో ఇంకా ఆగకముందే హేమశ్రీ ఫోను మోగింది.

హేమశ్రీ కొవ్వూరు వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో స్కానింగు డాక్టరు. పెళ్ళి చీరకు అంటిన పసుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. భర్త మురళీకృష్ణ భీమవరంలో ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు. ఆయన అక్కడ, ఈమె ఇక్కడ, మధ్యలో ఒక్క ఆదివారం. ఆ ఆదివారానికి కట్టుకోవాల్సిన చీర ఏదా అని ఆమె సోమవారం నుంచే ఆలోచించేది. స్కానింగు గదిలో ఎవరి కడుపులోనైనా బిడ్డ కాస్త చెయ్యి ఊపితే చాలు, ఆ రోజంతా తనకే ఎవరో టాటా చెప్పినట్టు సంబరపడేది.

ఫోను చేసింది ఆసుపత్రి సూపరింటెండెంటు దేవకుమారి.

"హేమా, నీ పంట పండిందమ్మా. రాజమండ్రిలో మంత్రిగారి శిక్షణ శిబిరం. అందులో డెమో నువ్వే చెయ్యాలి. మంత్రిగారికే స్కానింగు. స్టేజీ మీద, లైవ్‌లో."

"అయ్యో, మంత్రిగారికి ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. ఏమీ కాలేదని జనానికి చూపించాలి. అదే డెమో."

"మరి నాకంటే సీనియర్లు చాలామంది ఉన్నారు కదండీ?"

"ఉన్నారు. అందరికీ సరిగ్గా ఆ రోజే జ్వరం రాబోతోందట. అది సరే గాని, భీమవరం బదిలీ కోసం తిరుగుతున్నావుగా? మంత్రిగారి పీఏ సుధాకర్‌గారు మాటిచ్చారు. డెమో సవ్యంగా జరిగితే ఆర్డరు నీ చేతిలో పెడతారు."

హేమశ్రీ ఫోను పెట్టేసి, గదిలో ఎవరూ లేరని చూసుకుని, ఒక గెంతు గెంతింది. తర్వాత భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, భీమవరం!"

"నిజంగానా? చెబితే ఆశపడతావని చెప్పలేదు గాని, మేడ మీద వాటా ఒకటి చూసి ఉంచాను. బాల్కనీలో నిలబడితే చేపల చెరువు కనిపిస్తుంది."

"వాసన కూడా వస్తుందా?"

"కొంచెం వస్తుంది."

"పర్లేదండి. ఇద్దరం కలిసి ముక్కు మూసుకుందాం."

ఆ విధంగా నిరంతర విద్య ఒక కాపురాన్ని నిలబెట్టబోతోంది.

ఏర్పాట్లు మొదలయ్యాయి. మొదటి రోజే చిన్న చిక్కు వచ్చిపడింది. స్కానింగు మెషీను రిజిస్టరైన గది గడప దాటాలంటే అనుమతి ఉండాలి. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకుండా ఆపే చట్టం ఈ విషయంలో మహా గట్టిది. అనుమతి కోసం ఫైలు కదిలింది, మెట్లెక్కింది, చివరికి మంత్రిగారి టేబులు మీదకే చేరింది. మంత్రిగారికి మాత్రం శిక్షణ శిబిరం ఏర్పాట్లతో సంతకం పెట్టే తీరిక దొరకలేదు.

సుధాకర్ ఇలాంటి వాటికి బెదిరే మనిషి కాదు. ఆసుపత్రి వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడి ఉన్న పాత మెషీనును చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"అది పనిచెయ్యదండి" అంది హేమశ్రీ.

"పనిచెయ్యని దాన్ని చట్టం స్కానింగు మెషీను అంటుందాండి?"

"అనదేమోనండి."

"మరింకేం? చట్టానికి గౌరవం, స్టేజీకి అందం."

"కాని బొమ్మ ఎక్కణ్ణించి వస్తుందండీ?"

"మీ డాక్టర్లు క్లాసుల్లో చూపించుకునే వీడియోలుంటాయిగా. పేషెంటు పేరు లేకుండా ఓ మంచిది ఇవ్వండి. వెనకాల ఎల్‌ఈడీ తెర మీద వేయిస్తాను. మీరు మెషీను మంత్రిగారి పొట్ట మీద అలా అలా తిప్పండి చాలు."

"అది లైవ్ ఎలా అవుతుందండీ?"

"మంత్రిగారు లైవ్‌లో ఉంటారు కదా మేడం" అన్నాడు సుధాకర్ నెమ్మదిగా. "అన్నట్టు, భీమవరం ఆర్డరు టైపవుతోందండి."

హేమశ్రీ కళ్ళముందు బాల్కనీ, అందులో రెండు కుర్చీలు, రెండు కాఫీ గ్లాసులు కదిలాయి. పెన్‌డ్రైవు తీసి ఇచ్చింది. "మొదటి వీడియో వెయ్యండి. ఆరోగ్యంగా ఉన్న కాలేయం" అని గట్టిగా చెప్పింది. ఆ కాలేయం మండపేట రైసుమిల్లులో బస్తాలు మోసే ఒక కబడ్డీ ఆటగాడిది. మంత్రిగారికి అంతకంటే మంచి కాలేయం చుట్టుపక్కల దొరకదు.

శిబిరం రోజున రాజమండ్రిలోని ఆ హాలు చూసి తీరాలి. ముందు వరసలన్నీ పార్టీవారికీ అధికారులకీ, మధ్య వరసలు పార్టీవారి చుట్టాలకి. శిక్షణ పొందాల్సిన డాక్టర్లకు వెనకాల, వంటల దగ్గర కుర్చీలు వేశారు. దీన్ని ఎవరూ అవమానంగా తీసుకోలేదు. పనసపొట్టు కూర వాసన ముందు వారికే తగిలింది.

మెషీను బాధ్యత కొవ్వూరు పార్టీ నాయకుడు బుల్లబ్బాయి తీసుకున్నాడు. కొత్త లారీకి చేసినట్టే చేశాడు. చక్రానికో నిమ్మకాయ పెట్టాడు, బంతిపూల దండ వేశాడు, తెర నిండా పసుపు రాశాడు. పొట్ట మీద ఆనించే ప్రోబును చేత్తో పట్టుకుని ముందు వెనకలు చూశాడు.

"డాక్టరుగారూ, ఈ మైకులాంటిది ఏంటండి?"

"అది ప్రోబండి. బొమ్మ దాన్లోంచే రావాలి."

"అలాగాండి? అయితే ఇదే ముఖమన్నమాట" అని దానికి ఇంత కుంకుమ బొట్టు పెట్టాడు.

పిత్తాశయంలో రాళ్ళను గుర్తించడం మీద ఒక పెద్ద ప్రొఫెసరు ఉపన్యాసం కూడా ఉంది. అది మంత్రిగారు కారు దిగడానికీ, స్టేజీ ఎక్కడానికీ మధ్య పూర్తయింది. రాళ్ళ దాకా రాకుండానే ప్రొఫెసరుకు శాలువా కప్పారు. తర్వాత మంత్రిగారి బాల్యం, యవ్వనం, పాదయాత్రల మీద వక్తలు సవివరంగా శిక్షణ ఇచ్చారు.

అసలు ఘట్టం వచ్చింది. మంత్రిగారు బల్ల మీద పడుకున్నారు. గజమాల తియ్యడానికి ఒప్పుకోలేదు. దాన్ని కాస్త పక్కకు జరిపి హేమశ్రీ జెల్లు రాసింది.

"చల్లగా ఉందేంటమ్మా ఇది?"

"జెల్లండి."

"మన పార్టీ రంగులో లేదే?"

"వచ్చే శిబిరానికి ఉంటుందండి" అన్నాడు సుధాకర్ వెనకనుంచి.

హేమశ్రీ ప్రోబు ఆనించింది. మంత్రిగారి పొట్ట మీద ముందు కుంకుమ బొట్టు పడింది. వెనకాల ఎల్‌ఈడీ వెలిగింది. ఆమె తల తిప్పి చూసింది.

తెర మీద కాలేయం లేదు. గుండ్రటి తల ఉంది. చిన్న ముక్కు ఉంది. ముడుచుకున్న మోకాళ్ళు ఉన్నాయి. ఐదో నెల బిడ్డ హాయిగా తేలుతూ బొటనవేలు నోట్లో పెట్టుకుంటోంది. స్పీకర్లలోంచి దాని గుండె చప్పుడు, గుర్రం పరిగెత్తినట్టు, హాలంతా దడదడలాడుతోంది.

జరిగిందేమిటంటే, పొద్దున రిహార్సల్లో సుధాకర్ మొదటి వీడియో చూసి పెదవి విరిచాడట. "ఇది కదలట్లేదేంటయ్యా? మంత్రిగారిలో కదలిక లేదని ప్రతిపక్షం రేపు అనదూ?" అన్నాడట. ఎల్‌ఈడీ నడిపే జీవరాజు "రెండోది బాగా కదుల్తోందండి, సౌండు కూడా ఉంది" అన్నాడట. ఇది హేమశ్రీకి తర్వాత తెలిసింది.

ముందు వరసలోంచి ఒక పెద్ద అధికారి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"సార్! మీ గుండె!" అన్నాడు గద్గద స్వరంతో. "మామూలు మనిషి కంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది సార్! అంతా ప్రజల కోసమే!"

చప్పట్లతో పైకప్పు అదిరింది. మంత్రిగారు పడుకునే మెడ తిప్పి చూశారు.

"పక్కన ఆ చెయ్యిలా ఉన్నదేంటయ్యా?"

"జనానికి దండం పెడుతోందండి!" అని అరిచాడు బుల్లబ్బాయి.

వెనక వరసల్లో రెండు జిల్లాల స్కానింగు డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆ బొమ్మే చూసి బతికేవాళ్ళు వాళ్ళు. కాని కడుపులో ఉన్నదాని గురించి నోరు జారకూడదన్నది ఈ దేశంలో స్కానింగు డాక్టరు నేర్చుకునే మొదటి పాఠం. ఆ పాఠాన్ని అందరూ నిష్ఠగా పాటించి చప్పట్లు కొట్టారు. ఆ రోజు జరిగిన చదువు అదొక్కటే.

మంత్రిగారు మైకు హేమశ్రీ చేతికిప్పించారు. "చెప్పమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు. జనం దగ్గర నాకు దాపరికం లేదు."

వీడియో మారిందని చెబితే భీమవరం పోతుంది. అబద్ధం చెబితే చదివిన చదువు పోతుంది. ఒకసారి బాల్కనీని తలుచుకుంది, ఒకసారి తెరను చూసింది. చివరికి తెర మీద ఉన్నదే, రోజూ తల్లులకు చెప్పినట్టే చెప్పింది.

"గుండె చక్కగా కొట్టుకుంటోందండి."

చప్పట్లు.

"కదలికలు బాగున్నాయండి."

ఈలలు.

"వయసుకు తగ్గ ఎదుగుదల ఉందండి."

"భవిష్యత్తు! భవిష్యత్తు గురించి చెప్పండి!" అని గుసగుసలాడాడు సుధాకర్.

"ఇంకా చాలా ఎదగాలండి" అంది హేమశ్రీ.

ముఖ్యమంత్రి పదవి గురించి ఇంత బాహాటంగా మాట్లాడిన మొదటి డాక్టరు ఆమేనని ముందు వరస అర్థం చేసుకుంది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. డాక్టర్లందరికీ సర్టిఫికెట్లు పంచారు. వాటి మీద మంత్రిగారి నిలువెత్తు ఫొటో, ఎవరి పేరు వారు రాసుకోవడానికి కింద కాస్త ఖాళీ.

సాయంత్రం హేమశ్రీ ఆర్డరు కోసం సుధాకర్‌ను వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన కొవ్వూరు వంతెన దగ్గర ఉన్నాడు. అక్కడ బుల్లబ్బాయి మనుషులు ఒక ఫ్లెక్సీ ఎత్తుతున్నారు. అంత పెద్ద ఫ్లెక్సీ గోదావరికి ఇటు గాని అటు గాని ఎవరూ కట్టలేదు. తెర మీది బొమ్మ, బొటనవేలితో సహా. కింద 'ప్రజల కోసం కొట్టుకునే గుండె' అని రాసి ఉంది.

బుల్లబ్బాయి పక్కన అతని భార్య నాగదుర్గ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నిండు నెలలు. రెండు మూడుసార్లు హేమశ్రీయే ఆమెకు స్కానింగు చేసింది.

"మేడం, ఇది మా ఫ్రిజ్ మీద అంటించుకున్న స్కానింగు ఫొటోలాగే ఉందండి" అంది నాగదుర్గ, ఫ్లెక్సీ మీంచి చూపు తిప్పకుండా.

"ఊరుకోవే" అన్నాడు బుల్లబ్బాయి గొంతు తగ్గించి. "మంత్రిగారి గుండె మనింట్లో ఉందని తెలిస్తే మిగతా లీడర్లు నన్ను బతకనిస్తారా?"

హేమశ్రీ సుధాకర్‌ను పక్కకు పిలిచింది.

"సార్, ఒక్క మాట. ఆ వీడియో..."

"తెలుసండి."

"తెలుసా?"

"నాకు ఇద్దరు పిల్లలండి మేడం." సుధాకర్ సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మంత్రిగారికి పిల్లలు పుట్టే రోజుల్లో ఈ స్కానింగులు లేవు. ఆయన సంతోషంగా ఉన్నారు. రేపట్నుంచి మీరూ భీమవరంలో సంతోషంగా ఉంటారు. ఇందులో నష్టం ఎవరికండి?"

నష్టం ఎవరికో హేమశ్రీ వెతకలేదు. ఇంతలో సుధాకర్ జేబులో ఫోను మోగింది. మంత్రిగారు. స్పీకరు పెట్టకపోయినా ఆయన గొంతు వంతెన మీదికి వినిపిస్తోంది.

"సుధాకర్! రాత్రి పడుకునే లోపు ఇంకో మంచి పని చేద్దాం. రేపు నా గుండెకి పాలాభిషేకం పెట్టారుగా? గర్భిణులకిచ్చే పోషకాహారం కిట్లు కూడా అక్కడే పంచేద్దాం. కాని ఊరికే వద్దు. కడుపుతో లేనివాళ్ళు కూడా వచ్చి పట్టుకుపోతున్నారు. ఎవరి స్కానింగు ఫొటో వాళ్ళు తెచ్చుకోవాలి. ఆ ఫొటోలు పైకెత్తి పట్టుకుని అందరూ నా గుండె కింద నిలబడాలి. టీవీవాళ్ళని పిలువు, ఒక్క చానలు కూడా తగ్గకూడదు. ఆ డాక్టరమ్మ చేతికి ఒక కర్ర ఇచ్చి, గుండెలో ఏది ఎక్కడుందో ఆడవాళ్ళకి చూపించమను. అదయ్యాక బదిలీ ఆర్డరు నేనే ఇస్తాను."

సుధాకర్ "అలాగే సార్" అన్నాడు. ఫోను పెట్టేసి నుదురు తాకి చూసుకున్నాడు.

"రేపు నాకు జ్వరం వచ్చేలా ఉందండి మేడం."

హేమశ్రీ ఫోను మోగింది. అవతల మురళీకృష్ణ.

"ఏమోయ్, కుర్చీలు రెండూ కొనేశాను! ఊగేవి! ఆర్డరు వచ్చిందా?"

"రేపిస్తారటండి" అంది హేమశ్రీ, ఫ్లెక్సీ వైపు చూస్తూ.

"అంత గోలగా ఉందేంటి అక్కడ?"

వంతెన మీంచి మైకు కట్టిన ఆటో దిగుతోంది. ఇక హేమశ్రీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"సోదరీమణులారా! రేపు ఉదయం తొమ్మిది గంటలకు మన ప్రియతమ మంత్రివర్యుల గుండెకు పాలాభిషేకం! రెండు జిల్లాల గర్భిణీ స్త్రీలందరూ తమ తమ స్కానింగు ఫొటోలతో తప్పక రావలసిందిగా కోరుతున్నాం! ఫొటో లేనివారికి కిట్టు ఇవ్వబడదు!"