రాజమాత తప్ప ఇంకెవరూ పోలేదు

రాజమాత గారు దివంగతులైన సందర్భంగా ఏడు రోజుల పాటు దేశంలో మరెవరూ చనిపోయినట్టు లెక్కకు రాదని మంత్రిగారు సెలవిచ్చారు. శోకం పలచబడకూడదట. ఎంత ముందుచూపు! ఆ సర్క్యులర్‌ని మరణాల రిజిస్టర్ రాసే గుమాస్తా స్వయంగా నోటీసు బోర్డుకి తగిలించాడు, నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు గుచ్చి మరీ.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఆ గుమాస్తా వాళ్ళమ్మ పోయింది.

రిజిస్టర్‌లో పేరు ఎక్కితే గానీ మార్చురీ వాళ్ళు శవాన్ని ఇవ్వరు. రిజిస్టర్ ఏమో గుమాస్తా బల్ల మీదే ఉంది, కలం జేబులోనే ఉంది. అయినా పద్ధతి పద్ధతే కదా! వెళ్ళి ఆఫీసు సూపరింటెండెంటు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"సార్, మా అమ్మ పోయిందండి. ఒక్క పేరు ఎక్కించనివ్వండి. ఒక్క రోజు సెలవిప్పించండి."

"అయ్యయ్యో! ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున."

"ఇవాళెలా పోతుందయ్యా? సర్క్యులర్ తగిలించింది నువ్వే కదా! వచ్చే సోమవారం పోయిందనుకో, నీ సొమ్మేం పోయింది? పద, అంతిమయాత్రకి లారీ ఎక్కు. మన ఆఫీసుకి ముందు వరస ఇచ్చారు. కళ్ళు పొడిగా కనిపిస్తే మెమో ఇస్తారట."

సూపరింటెండెంటు గారు దయగల మనిషి. రాజభవనం గేటు దగ్గర తలనొప్పి బామ్ డబ్బా తీసి, అందరి కళ్ళ కిందా తన వేలితోనే రాశారు. గుమాస్తా మాత్రం వద్దన్నాడు. రాజమాత శవపేటిక బండి తమ ముందు నుంచి వెళ్తుంటే మార్చురీలో ఒంటరిగా పడున్న తల్లి గుర్తొచ్చి, "అమ్మా!" అని గుండెలవిసేలా ఏడ్చాడు.

టీవీ కెమెరాలన్నీ అటు తిరిగాయి. మంత్రిగారు కారు దిగి వచ్చి కావలించుకున్నారు.

"రాజమాతని అమ్మా అన్నావు! ఏం చేసిందయ్యా నీకు ఆ తల్లి?"

గుమాస్తాకి అబద్ధమాడటం చేతకాదు. "వీధి చివర ఇస్త్రీ చేసి పెంచిందండి. చలికాలం బడికెళ్ళేటప్పుడు నా చొక్కా మీద ఇంకోసారి పెట్టె నొక్కి, ఆ వేడి మీదే తొడిగేది. నాకిప్పుడు నలభై రెండేళ్ళు. మొన్నటిదాకా అంతేనండి."

"విన్నారా! రాజమాత గారు సామాన్యుడి చొక్కా ఇస్త్రీ చేశారు!"

"కాదండి, మా అమ్మ..."

"అందరికీ అమ్మేనయ్యా!" అన్నారు మంత్రిగారు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి, బామ్ లేకుండానే.

బుధవారానికి పేపర్లన్నిటా అదే. గురువారం బళ్ళలో పిల్లలు కాలర్ పట్టుకుని రెండు నిమిషాలు మౌనం పాటించారు. శుక్రవారం మ్యూజియం అన్నారు. తీరా చూస్తే రాజభవనమంతా గాలించినా ఆవిడ పట్టుకున్న ఇస్త్రీ పెట్టె ఒక్కటీ దొరకలేదు. పోలీసులు గుమాస్తా ఇంటికొచ్చి, మూలనున్న బొగ్గుల ఇస్త్రీ పెట్టెని పట్టుగుడ్డలో చుట్టి పట్టుకెళ్ళారు. పిడి మీద అరిగిన గుంటలు రాజమాత గారి వేళ్ళవేనని నిపుణుల కమిటీ ఒక్క పూటలో తేల్చింది. మన కమిటీలు ఆలస్యం చేస్తాయని ఎవరంటారు!

సోమవారం ఆఫీసు తెరవగానే గుమాస్తా రిజిస్టర్ ముందేసుకున్నాడు. తల్లి పేరు రాశాడు. 'వృత్తి' అన్న చోట 'ఇస్త్రీ' అని రాసి, సంతకం కోసం పట్టుకెళ్ళాడు.

సూపరింటెండెంటు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. "తప్పు కదూ? రాజమాత గారి ఘనతని సొంతానికి వాడుకుంటావా? ఇంకేదైనా రాయి."

"ఇంకేం చెయ్యలేదండి. బతికినన్నాళ్ళూ అదే చేసింది."

"అయితే 'ఏమీ లేదు' అని రాయి. సంతకం పెట్టేస్తా. తీసుకెళ్ళిపో పాపం, వారమైంది."

గుమాస్తా జేబులోంచి కలం తీశాడు. 'ఏమీ లేదు' అని రాశాడు.

సూపరింటెండెంటు సంతకం పెట్టి, అతన్ని కింద నుంచి పై దాకా చూశారు.

"ఆ నలిగిన చొక్కా ఏమిటయ్యా? రాజమాత గారి ఆత్మ ఎంత క్షోభిస్తుంది!"